మగపిల్లికి ఆపరేషన్: ప్రవర్తన, సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, కడప, అనంతపురం వైపు పిల్లిని పెంచుకునే ఇళ్లలో, మగపిల్లికి ఆరేడు నెలలు రాగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోండి. ఈ ఆపరేషన్ అంటే పిల్లలు పుట్టకుండా వృషణాలను తీసేయడం, అది కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత తిండినీ మూత్రాన్నీ కనిపెట్టుకుని ఉండటం పన్నెండు, పదిహేనేళ్ల పని. ఈ రెండో దాని గురించి అడిగేవారు తక్కువ కాబట్టి ఆ భాగం కొంచెం పొడవుగానే రాశాను.

## నిర్ణయం తీసుకునే ముందు

పిల్లల్ని పెట్టేది ఆడపిల్లి కదా, మగపిల్లికి ఆపరేషన్ ఎందుకు?

మొదటి కారణం మీ పిల్లి ప్రాణమే. ఎదకు వచ్చిన ఆడపిల్లి అరుపు వినబడితే గండుపిల్లి తిండి మానేస్తుంది, మిద్దెల మీదుగా వీధులు దాటి పోతుంది, రోజుల తరబడి ఇంటికి రాదు. వాహనాల కింద పడేవి, దారి తప్పేవి ఇలా తిరిగేవాటిలోనే ఎక్కువ. ఇతర గండుపిల్లులతో కొట్లాటలో పడిన కాటు పైకి చిన్నదిగా మూసుకుపోయి లోపల చీముగడ్డ అవుతుంది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ వైరస్ ప్రధానంగా ఈ కాట్ల వల్లే వ్యాపిస్తుంది. అది మనుషులకు సోకదు, కానీ పిల్లికి మందు లేని జబ్బు.

రెండో కారణం వాడలోని ఆడపిల్లులు. పిల్లికి చూలు తొమ్మిది వారాలే. ఏడాదిలో రెండు, మూడు ఈతలు ఈనగలదు. ఒక్క గండుపిల్లి ఒకే కాలంలో చాలా ఆడపిల్లులతో కలుస్తుంది. ఆ పిల్లలు పుట్టేది మన ఇంట్లో కాదు కాబట్టి మనకు కనబడవు, అంతే.

ఏ వయసులో చేయించడం మంచిది?

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. చాలా మగపిల్లులు ఐదారు నెలలకే ఈడుకు వస్తాయి. గోడల మీద మూత్రం చిమ్మడం, కొట్లాటలు అలవాటు కాకముందే చేయిస్తే అవి మొదలే కాకపోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ‘ఏడాది నిండనివ్వండి’ అని ఆగడం వల్ల పిల్లికి ఒరిగేదేమీ లేదు. అప్పటికి టీకాలు కూడా ప్రారంభమై ఉండాలి. ర్యాబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు.

మా గండుపిల్లికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు చేయించినా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. పెద్ద వయసులో చేయించినా తిరుగుడు, కొట్లాటలు చాలావాటిలో తగ్గుతాయి. కాకపోతే ఏళ్ల తరబడి ఉన్న అలవాటు కొంత మిగిలిపోవచ్చు. మత్తు ఇచ్చే ముందు గుండె పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష చేయించండి.

ఒక్కసారైనా జత కట్టనివ్వకుండా చేయిస్తే పాపం కదా?

ఈ మాట అనేవారిది మంచి మనసే. కానీ పిల్లికి జత కట్టడం ఒంట్లోని హార్మోను తరిమితే చేసే పని. దాన్ని కోల్పోయానన్న దిగులు దానికి ఉండదు. బాధ ఉండేది ఆపరేషన్ చేయించకుండా గదిలో బంధించిన గండుపిల్లికి. కిటికీ దగ్గర రాత్రంతా అరుస్తుంది, తిండి ముట్టదు, తలుపు గీరుతుంది.

ఎద్దులకు చేసినట్టు నొక్కించేస్తే సరిపోదా?

సరిపోదు. పశువులకు వాడే పటకారు పిల్లి శరీరానికి తగినది కాదు. పిల్లికి పూర్తి మత్తు ఇచ్చి, వృషణాలను తీసివేయాలి. మత్తు లేకుండా చేస్తామని ఎవరైనా అంటే పిల్లిని తీసుకుని వచ్చేయండి.

ఒక్క వృషణమే కనిపిస్తోంది. రెండోది లేకపోతే వదిలేయవచ్చా?

వదలకూడదు. రెండోది కడుపులోనో గజ్జలోనో ఆగిపోయి ఉంటుంది. అది అక్కడి నుంచే హార్మోను తయారు చేస్తుంది కాబట్టి, కనిపించేదాన్ని మాత్రమే తీస్తే తిరుగుడూ, మూత్రం వాసనా అలాగే ఉంటాయి. ఈ లోపం దానికి పుట్టే పిల్లలకు కూడా రావచ్చు. దీనికి కొంచెం పెద్ద ఆపరేషన్ కావాలి, కోతకు కుట్లు పడతాయి. కాబట్టి వైద్యుడికి ముందే చెప్పండి.

మా జిల్లాల్లో ఎక్కడ చేయిస్తారు? ఏమి అడిగి తెలుసుకోవాలి?

జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలు, ప్రైవేటు పెంపుడు జంతువుల క్లినిక్కులు ఉన్నాయి. కడప జిల్లా ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. మన పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, మేకలు, బర్రెలు, ఆవులే. అందుకని ‘మీరు పిల్లులకు తరచుగా చేస్తుంటారా?’ అని మొహమాటం లేకుండా అడగండి. మత్తు దిగేవరకు పిల్లిని ఎవరు చూస్తారు, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తారా, గాయం నాకకుండా మెడకు కట్టే ప్లాస్టిక్ కాలర్, తిరిగి చూపించుకునే ఖర్చు ఆ మొత్తంలోనే ఉన్నాయా అన్నవి కూడా అడగండి. చౌక అన్న ఒక్క కారణంతో చోటు ఎంచుకోవద్దు.

మే నెల ఎండల్లో చేయించవచ్చా?

చేయించవచ్చు. మగపిల్లికి పడేది చిన్న గాయం, ఎండాకాలమైనా త్వరగా మానుతుంది. జాగ్రత్త అంతా ప్రయాణంలోనే. నలభై దాటిన ఎండలో మూసిన బుట్టలో పెట్టి బండి మీద తీసుకెళ్తే ఆపరేషన్ కంటే అదే పెద్ద ప్రమాదం. ఉదయం చల్లటి వేళ వెళ్లి, సాయంత్రం ఎండ తగ్గాక తిరిగి రండి.

## ఆపరేషన్ రోజు

ముందు రోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదా?

పెద్ద పిల్లికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు తిండి ఆపమంటారు. నీళ్లు ఉదయం దాకా అందుబాటులో ఉంచవచ్చు. నాలుగు నెలల లోపు పిల్లను మాత్రం అంతసేపు పస్తు ఉంచకూడదు, దాని రక్తంలో చక్కెర పడిపోతుంది. మూడు, నాలుగు గంటలు చాలు. కడుపు నిండా ఉంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఈ నియమం. పొరపాటున ఏదైనా తింటే దాచకుండా చెప్పండి.

ఎలా తీసుకెళ్లాలి? ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుంది కదా?

ఎంత మచ్చిక అయిన పిల్లి అయినా ఆసుపత్రి గేటు దగ్గర కుక్క మొరిగితే ఒళ్లోంచి దూకి పారిపోతుంది. తలుపు గట్టిగా పడే, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్ట కావాలి. గోనెసంచి వద్దు. పిల్లి రోజూ పడుకునే గుడ్డ బుట్ట లోపల వేసి, పైన పలుచటి బట్ట కప్పితే భయం తగ్గుతుంది.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు? కుట్లు ఉంటాయా?

వృషణాల సంచి మీద చిన్న కోత పెట్టి, వృషణాలను బయటకు తీసి, నాళాన్నీ రక్తనాళాలనూ ముడివేసి కత్తిరిస్తారు. మామూలుగా చర్మానికి కుట్లు వేయరు, కోత దానంతటదే మూసుకుంటుంది.

మా పిల్లి కళ్లు తెరిచే ఉంది, కదలడం లేదు. ఏమైనా అయ్యిందా?

పిల్లులకు ఎక్కువగా వాడే కెటమిన్ మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి. అది మామూలే. కళ్లు ఎండిపోకుండా వైద్యులు లేపనం వేస్తారు. శ్వాస సాఫీగా ఉందా, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా అన్నవి చూడండి. మత్తులో ఒంటి వేడి పడిపోతుంది. బయట ఎంత ఎండ ఉన్నా కూలర్ గాలికి ఎదురుగా పడుకోబెట్టకండి. మెట్లు, గోడ, మంచం వంటి ఎత్తయిన చోట్లు ఆ రాత్రికి వద్దు. పూర్తిగా తెలివి వచ్చి, తూలకుండా నడిచాక కొద్దికొద్దిగా తిండి పెట్టండి.

## మొదటి పది రోజులు

సంచి ఇంకా ఉబ్బెత్తుగానే కనిపిస్తోంది. అసలు తీశారా, లేదా?

తీశారు. తీసింది లోపలి వృషణాలను, బయటి చర్మపు సంచిని కాదు. కొద్దిపాటి వాపుతో కొన్ని రోజులు మునుపటిలాగే కనిపిస్తుంది. కొన్ని వారాల్లో ముడుచుకుపోతుంది. వాపు తగ్గే బదులు రోజురోజుకూ పెరిగితే మాత్రం చూపించాలి.

గాయానికి పసుపు రాయవచ్చా? కొబ్బరినూనె? డెట్టాల్?

ఏదీ వద్దు. పసుపు పొడి కోతలో ఇరుక్కుంటుంది, నూనె రాస్తే పిల్లి ఇంకా ఎక్కువ నాకుతుంది. డెట్టాల్, ఫినాయిల్ వంటివి పిల్లికి విషమే. వాటిని విడగొట్టే శక్తి దాని కాలేయానికి తక్కువ. గాయాన్ని పొడిగా ఉంచడమే వైద్యం. పది రోజులు స్నానం చేయించకండి.

నొప్పికి పారాసిటమాల్ కొంచెం ఇవ్వవచ్చా?

ఒక్క ముక్క కూడా ఇవ్వకూడదు. పారాసిటమాల్ పిల్లి రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి తెస్తుంది, ఒక మాత్రతో పెద్ద పిల్లి కూడా చనిపోవచ్చు. ఐబుప్రోఫెన్ కూడా ప్రమాదమే. ఇంట్లో పెద్దవాళ్లకూ ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. పసిపిల్లల జ్వరం మందు రెండు చుక్కలే కదా అని ప్రేమతో పోసేస్తారు. పిల్లికి తగిన నొప్పి మందు వైద్యుడు ఇస్తారు.

ఇసుక తొట్టె మామూలుగా పెట్టవచ్చా?

ఐదారు రోజులు ఇసుక, గడ్డకట్టే మట్టి తీసేసి, చింపిన వార్తాపత్రిక ముక్కలు వేయండి. ఇసుక రేణువులు పచ్చి కోతకు అంటుకుంటాయి.

ఆసుపత్రి నుంచి రాగానే మా రెండో పిల్లి దాన్ని చూసి బుసకొడుతోంది. ఎందుకు?

పిల్లులు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ప్రధానంగా వాసనతో. వచ్చిన పిల్లి ఒంటి మీద ఆసుపత్రి వాసన ఉంది కాబట్టి రెండోది కొత్త పిల్లి అనుకుంటోంది. ఒకటి రెండు రోజులు వేర్వేరు గదుల్లో ఉంచండి. ఒకే మెత్తటి గుడ్డతో రెండింటినీ మార్చి మార్చి తుడవండి. బలవంతంగా ఎదురెదురుగా కూర్చోబెట్టవద్దు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి?

రక్తం ఆగకుండా బొట్లుగా పడుతున్నా, చీము వాసన వస్తున్నా, చిగుళ్లు తెల్లబడినా, ఆపరేషన్ తర్వాత 24 గంటలు దాటినా తినకపోయినా, మూత్రం పోయకపోయినా ఆలస్యం చేయవద్దు. కాలర్ తీసేసి గాయాన్ని పదేపదే నాకుతున్నా అదే రోజు చూపించండి.

## ప్రవర్తనలో మార్పులు

వారం అయింది. ఇంకా బయటికి పోవాలని అరుస్తూనే ఉంది. ఎప్పుడు మారుతుంది?

రక్తంలో హార్మోను త్వరగానే పడిపోతుంది, ప్రవర్తన మాత్రం వారాలు తీసుకుంటుంది. కొన్నింటిలో పది రోజుల్లోనే తేడా తెలుస్తుంది, కొన్నింటికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో తలుపులు జాగ్రత్త. ‘ఆపరేషన్ అయిపోయింది కదా’ అని వదిలిన వారంలోనే తప్పిపోతే వెతకడం చాలా కష్టం.

ఇంట్లో ఆపరేషన్ కాని ఆడపిల్లి ఉంది. ఎన్నాళ్లు వేరుగా ఉంచాలి?

కనీసం ఆరు వారాలు ఉంచితే నిశ్చింత. నాళాల్లో అప్పటికే చేరిన వీర్యకణాలతో మొదటి వారాల్లో గర్భం రావచ్చు. ఆడపిల్లికి కూడా చేయిస్తే మరీ మంచిది.

ఆడపిల్లి మీదికి ఎక్కడం పూర్తిగా మానేస్తుందా?

చాలావరకు. ఎదలో ఉన్న ఆడపిల్లిని చూసినప్పుడు కొన్ని ఆపరేషన్ అయిన మగపిల్లులు కూడా ఎక్కుతాయి. అయితే ఆ ఆరు వారాలు దాటాక గర్భం రాదు.

ఆపరేషన్ అయినా గోడల మీద మూత్రం చిమ్ముతూనే ఉంది. డబ్బు దండగేనా?

దండగ కాదు, కానీ కారణం వెతకాలి. ఆపరేషన్ తర్వాత దాదాపు తొంభై శాతం మగపిల్లుల్లో చిమ్మడం ఆగిపోతుంది లేదా బాగా తగ్గుతుంది. నూటికి పదింటిలో మిగులుతుంది. మీది ఆ పదిలో ఒకటి అని తేల్చే ముందు అది చేస్తున్న తీరు చూడండి. తోక నిటారుగా లేపి, చివర వణికిస్తూ, నిలబడి గోడకు కొడుతుంటే అది తన హద్దుకు గుర్తు పెట్టడం. కూర్చుని నేల మీద, పరుపు మీద పోస్తుంటే అది మూత్రాశయంలో మంటో, తొట్టె మురికిగా ఉండటమో కావచ్చు. దానికి వైద్యుడు మూత్రపరీక్ష చేయాలి.

చిమ్మడమే అయితే చాలాసార్లు కారణం బయట ఉంటుంది. రాయలసీమ ఇళ్లలో మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వేసవి రాత్రుల్లో వీధి గండుపిల్లి మన మిద్దె మెట్ల దాకా దిగి వచ్చి తన వాసన వదిలిపోతుంది. లోపలి పిల్లి దానికి జవాబు చెబుతుంది. ఆ కిటికీ కింది సగం మూసేయండి, బయట వేసే ఎంగిలి మెతుకులు మానేయండి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ తొట్టెలు పెట్టండి. కొట్టడం, దాని ముక్కును ఆ మూత్రానికి రాయించడం వంటి శిక్షలు భయాన్ని పెంచి చిమ్మడాన్నీ పెంచుతాయి.

నాపరాయి గచ్చు మీద ఆ వాసన పోవడం లేదు. ఏమి వేసి కడగాలి?

కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాయి జాతివి. వాటి మీద యాసిడ్, వెనిగర్, నిమ్మరసం పోస్తే రాయి తినేసుకుపోయి గరుకుబారుతుంది, ఆ గరుకులో మూత్రం ఇంకా ఎక్కువ నిలుస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, ఆ ఘాటు పిల్లికి మూత్రం వాసనలాగే తోచి మళ్లీ అక్కడికే వస్తుంది. తడిని ముందు గుడ్డతో పీల్చేసి, బట్టల సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరనివ్వండి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రవం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. అసలు వాసన దాగేది బండల మధ్య సందుల్లో. అవి తెరుచుకుని ఉంటే సిమెంటుతో పూడ్పించండి. ఆపరేషన్ తర్వాత కొత్తగా పోసే మూత్రానికి ఆ గండుపిల్లి ఘాటు వాసన తగ్గిపోతుంది.

ఎలుకలు పట్టడం మానేస్తుందా? మాకు వేరుశనగ మూటలు ఉంటాయి.

మానదు. వేట మగతనపు హార్మోను మీద ఆధారపడినది కాదు. ఆడపిల్లులూ వేటాడుతాయి కదా. పిల్లి ఎలుకలు పట్టడం మానేసేది ఒళ్లు వచ్చి కదలలేనప్పుడు. ఎలుకల మందు పెట్టే ఇళ్లలో ఒక హెచ్చరిక. ఆ మందు తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చనిపోవచ్చు.

రూపం, గొంతు మారిపోతాయా?

చిన్న వయసులో చేయిస్తే గండుపిల్లికి వచ్చే లావు బుగ్గలు, మందపాటి మెడ రావు. కాళ్ల ఎముకలు కాస్త పొడవుగా పెరుగుతాయి, దానివల్ల హాని లేదు. గొంతు అలాగే ఉంటుంది, రాత్రి అరుపులు తగ్గుతాయి.

నా మీద ప్రేమ తగ్గుతుందా?

తగ్గదు. ఊరంతా తిరిగే ధ్యాస పోవడంతో ఇంట్లో వాళ్లను ఇంకా ఎక్కువ అంటిపెట్టుకుంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్లిన కోపం రెండు మూడు రోజులు చూపిస్తే దాన్ని దానికే వదిలేయండి.

## తిండి, నీళ్లు, మూత్రం: జీవితాంతం

ఆపరేషన్ తర్వాత లావైపోతుందంటారు. నిజమేనా?

చూసుకోకపోతే నిజమే. శరీరానికి కావలసిన శక్తి సుమారు పావు వంతు తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. మనం ఎప్పటిలాగే గిన్నె నింపి ఉంచుతాం. లావైన మగపిల్లులకు మధుమేహం ముప్పు ఎక్కువ.

ఆపరేషన్ అయిన మొదటి వారాల నుంచే కొలిచి పెట్టండి. నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు దాదాపు 50 గ్రాముల పొడి ఆహారం చాలు. రకాన్ని బట్టి ప్యాకెట్ మీద ఉన్న లెక్క చూసుకోండి. దాన్ని మూడు, నాలుగు సార్లుగా పెట్టండి. ఎదిగే వయసు పిల్లకు మాత్రం ఎదుగుదల ఆహారం ఆపవద్దు. నెలకోసారి మీరు పిల్లిని ఎత్తుకుని బరువు చూసి, మీ బరువు తీసేయండి. పక్కటెముకలు తడిమితే చేతికి తగలాలి. ఇప్పటికే లావైతే నెమ్మదిగా తగ్గించాలి. ఒళ్లున్న పిల్లి రెండు, మూడు రోజులు పస్తు ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మేము పెరుగన్నం, సంగటి పెడతాం. సరిపోతాయా?

కడుపు నిండుతుంది, పిల్లికి కావలసినది అందదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పైగా అన్నం, రాగి సంగటి ఆపరేషన్ అయిన పిల్లికి ఒళ్లు పెంచుతాయి. పాలు పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు.

మాంసం వండని ఇంట్లో టారిన్ కలిపిన పిల్లుల ప్యాకెట్ ఆహారమే సరైన దారి. వండేవాళ్లు ఉప్పు, కారం వేయకముందే కొంచెం ఉడికిన కోడిమాంసం, కాలేయం పక్కకు తీయండి. అదొక్కటే పూర్తి ఆహారం కాదు, ప్యాకెట్ ఆహారానికి తోడుగా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు వద్దు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పాడు చేస్తాయి. ఉప్పు పట్టించిన ఎండుచేపలూ వద్దు.

మా పిల్లి నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. ఫరవాలేదా?

పిల్లులకు దాహం తక్కువే, అందుకే మనం కల్పించుకోవాలి. అనంతపురం లాంటి పొడి ఎండలో ఇది మరీ ముఖ్యం. ఇంట్లో రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకూ తొట్టెకూ దూరంగా, వెడల్పాటి మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి రోజూ మార్చండి. మీరు తాగే నీళ్లే దానికీ పోయండి. పొడి ఆహారం మాత్రమే తినే పిల్లికి రోజులో ఒక పూటైనా తడి ఆహారమో, ఉప్పు లేని కోడిమాంసం ఉడికించిన నీళ్లో ఇవ్వండి.

తొట్టెలో మళ్లీ మళ్లీ కూర్చుని ముక్కుతోంది. మలబద్ధకమా?

ముందు మూత్రం వస్తోందో లేదో చూడండి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలు, జిగురు అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. పదేపదే కూర్చోవడం, చుక్క చుక్కగా రావడం, మూత్రంలో రక్తం, అరుపు, అంగాన్ని నాకుతూ ఉండటం, తర్వాత వాంతులు, నీరసం దీని లక్షణాలు. ఇది ఆపరేషన్ వల్ల వచ్చే జబ్బు కాదు, ఆపరేషన్ కాని మగపిల్లులకూ వస్తుంది. కానీ ఇంట్లోనే ఉండి, లావెక్కి, నీళ్లు తక్కువ తాగే పిల్లుల్లో ఎక్కువ.

పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పొటాషియం రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. రేపు చూద్దాం అనుకునే వ్యవధి ఇందులో లేదు. రాత్రయినా సరే, మూత్రనాళంలో గొట్టం వేయగల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఊళ్లో ఆ సౌకర్యం ఎక్కడుందో ఈ రోజే కనుక్కుని నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. బయలుదేరే ముందు ఫోను చేసి ‘మగపిల్లికి మూత్రం ఆగిపోయింది’ అని, చివరిసారి మూత్రం పోసింది ఎప్పుడో చెప్పండి. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించవద్దు, పొట్ట నొక్కి చూడవద్దు. నిండిన మూత్రాశయం పగిలిపోవచ్చు.